అంగద్ కొడవలిలో సోజర్ వంతు

సోజర్‌బాయి నిలబడి నిద్రపోగలదు, నడుస్తూ కూడా పోగలదు. నెత్తిన చెరుకు మోపు పెట్టుకుని, ట్రాలీకి ఆనించిన బల్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఎక్కేటప్పుడు కూడా ఆమె చూపు సగం ఇక్కడుండేది, సగం మరెక్కడో తిరుగుతుండేది. ముఠాలో ఆడవాళ్ళు ఆట పట్టించేవాళ్ళు. "సోజరక్క చేతులు పొద్దుగాల్నే పనికొస్తయి. మనిషి మాత్రం పగటికి గాని రాదు" అని ఒకరంటే, "వచ్చినప్పుడు చెప్పుండ్రి, చాయ్ పోస్త" అని ఇంకొకరు. సోజర్ నవ్వి ఊరుకునేది. తాను ఎక్కడికి పోయి వచ్చిందో చెప్పినా వాళ్ళకు అర్థమయ్యేది కాదు.

ఆమె పోయేది నీళ్ళలోకి. బాలాఘాట్ కొండల్లో ఆమె ఊరు ఖడక్‌వాడీ. రాళ్ళు తప్ప మరేదీ ధీమాగా పండని ఊరు. వేసవిలో అక్కడి ఆడవాళ్ళు బిందెడు నీళ్ళ కోసం కొండ దిగి, మళ్ళీ కొండెక్కి, ఆ నీళ్ళతో తడపాల్సిన గొంతును దారిలోనే ఎండబెట్టుకుంటారు. అలాంటి ఊరి నుంచి దీపావళి వెళ్ళగానే కృష్ణ ఒడ్డు తోటల్లోకి వచ్చి పడితే, తల మీద ఇంకో మనిషంత ఎత్తున నిలబడ్డ చెరుకు మీద గాలి వీస్తే, అది ఆమెకు నీళ్ళ చప్పుడులాగే వినిపించేది. తాను ఏటి అడుగున నడుస్తున్నట్టు, పైన ఎక్కడో చెరుకు పూత నురగలా తేలుతున్నట్టు ఉండేది. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఎడమ చేత్తో గడ పట్టడం, కుడి చేత్తో మొదట్లో ఒక్క వేటు, కొస నరికి, ఆకు దూసి, పక్కన వెయ్యడం. ఇరవై ఒక్క సీజన్లు ఆ చేతులు అలా కలలోనే పనిచేశాయి. ఒక్కసారి కూడా పొరపాటు చెయ్యలేదు.

ఆమెకు పదహారో ఏట పెళ్ళయింది. ఆ కొండల్లో పెళ్ళిళ్ళు దీపావళికి ముందే హడావుడిగా జరిగిపోతుంటాయి, ఎందుకంటే ఒంటి మగవాణ్ణి ముఠాలో చేర్చుకునే ముకద్దం, అంటే కూలీలను కూడగట్టే మేస్త్రీ, ఎవడూ ఉండడు. మొగుడూ పెళ్ళామూ కలిస్తే ఒక కొడవలి. అక్కడ మనుషుల్ని ఎవరూ లెక్కపెట్టరు, కొడవళ్ళను లెక్కపెడతారు. కొడవలికి పేరు మొగుడిది. ముకద్దం పుస్తకంలో ఆ ఒక్క పేరే, చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర ఇచ్చే తూకం చిట్టీ మీదా ఆ ఒక్క పేరే. దూరం నుంచి ఎవరైనా "ఓ అంగదూ!" అని కేకేస్తే, అంగద్ తిడకే పలక్కపోతే సోజర్ పలికేది. ఏడాదిలో అయిదారు నెలలు ఆమెకు వేరే పేరు ఉండేది కాదు. వినేవాళ్ళకు ఒళ్ళు మండొచ్చు గానీ, ఆమె అదొక లోటని ఏనాడూ అనుకోలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాళ్ళమ్మనూ అట్లాగే వాళ్ళ నాన్న పేరుతో పిలవడం వింటూ పెరిగింది మరి.

అంగద్ కొడవలి అంటే ఆ చుట్టుపక్కల పేరున్న కొడవలి. ముకద్దం లింబాజీకి అదంటే మహా గొప్ప. పొట్టి మనిషి, దవడలో తమలపాకు లేకుండా ఎవరికీ కనిపించడు. "నా ముఠాల పద్దెనిమిది కొడవళ్ళున్నయ్. అంగద్‌ది పక్కకు పెడితే మిగిలినయన్నీ ఉల్లిగడ్డ కోసుకునే కత్తులు" అని అందరి ముందూ అనేవాడు. సీజన్ ముగిసే రోజున ఎక్కువ చెరుకు నరికిన కొడవలికి ఫ్యాక్టరీ వాళ్ళు తలపాగా చుట్టి కొబ్బరికాయ చేతిలో పెడతారు. నాలుగుసార్లు అంగద్ తలకే చుట్టారు. అంగద్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు, కూర్చుని తినే రకం అసలే కాదు. తలపాగా చుట్టినప్పుడు మాత్రం ఛాతీ కాస్త ముందుకొచ్చేది. రాదా మరి! సోజర్ ఆడవాళ్ళ గుంపులో నిలబడి కళ్ళనిండా చూసుకునేది. తర్వాత ఆ కొబ్బరికాయ పగలగొట్టి పచ్చడి నూరేది.

మాఘ మాసంలో ఒక పొద్దున ఏటి మీంచి లేచిన పొగమంచు తోటంతా నిండిపోయింది. మనిషి గొంతు వినబడుతోంది గానీ మనిషి కనబడడం లేదు. అలాంటి పొద్దంటే సోజర్‌కు ప్రాణం. ముందు రోజు కట్టిన మోపులు ట్రాలీకి ఎక్కిస్తున్నారు. బల్ల మంచుకు తడిసి ఉంది. ఆమె కాళ్ళు బల్ల మీద నడుస్తున్నాయి, ఆమె మాత్రం ఏటి అడుగున నడుస్తోంది. పైనుంచి ఎండ ముక్కలు ముక్కలుగా దిగి వస్తోంది. ఎవరో దూరంగా నిలబడి చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తున్నారు. ఎవరా అని తల తిప్పబోయింది, కాలు జారింది. మోపు ఒక పక్కకు, ఆమె ఒక పక్కకు. పడుతూ పడుతూ ఎడమ చేత్తో ట్రాలీ వెనక తలుపు గొలుసు పట్టుకుంది. మంచులో ఏమీ అవుపించని డ్రైవరు సరిగ్గా అప్పుడే ట్రాక్టరును రెండడుగులు ముందుకు లాగాడు, గొలుసు ఆమె వేళ్ళ మీద బిగిసింది.

నొప్పి వెంటనే తెలియలేదు. మంచులో ఎవరో "అయ్యో, ఎవలి చెయ్యి? ఎవలి చెయ్యి?" అని అరుస్తుంటే, పాపం ఎవరిదో అని తానూ అనుకుంది.

ఆస్పత్రిలో ఒక సంగతి జరిగింది. చీటీ రాయించుకునే కిటికీ అచ్చం కాటా కిటికీలాగే ఉంది. అదే చిన్న కంత, లోపల తల ఎత్తని గుమాస్తా. అంగద్ బట్టలు నెత్తుటితో తడిసి ఉన్నాయి, చెవుల్లో హోరు. గుమాస్తా "పేరు?" అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళుగా అలాంటి కిటికీ ముందు నిలబడి చెప్పిన మాటే అంగద్ నోట్లోంచి వచ్చింది. "అంగద్ తిడకే." వయసు అడిగితే తన వయసే చెప్పాడు. గుమాస్తా ఇంకేమీ అడక్కుండా రాసి, చీటీ కంతలోంచి బయటికి తోశాడు. స్ట్రెచర్ మీద పడుకున్న మనిషి ఆడదో మగాడో అతను చూసిన పాపాన పోలేదు.

డాక్టరు మూడు వేళ్ళు తీసేశాడు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు. అంగద్ రెండు రోజులు మంచం పక్కనే కూర్చుని, మూడో రోజు తప్పక తోటకు పోయాడు. పదకొండు రోజులు వార్డులో నర్సు కాగితం చూసి "అంగద్" అని పిలిస్తే, సోజర్ "ఆఁ" అని పలికింది. ఒకరోజు నర్సు ఆగి, "ఆడమనిషికి ఇదేం పేరమ్మా?" అంది.

"మా కొడవలి పేరు" అంది సోజర్.

నర్సు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసి పోయింది.

ఖడక్‌వాడీకి తిరిగొచ్చాక ఆ వేసవంతా సోజర్ గడపలో కూర్చునేది. చెయ్యి మానింది గానీ లేని వేళ్ళు ఉన్నట్టే ఉండేవి. పొద్దున్నే వాటికి తడి తగిలేది. చెరుకు ఆకు మీది మంచు తడి, చల్లగా, కొద్దిగా గరుకుగా. ఎదురుగా చూస్తే ఎండిన కొండ, బొంతరాళ్ళు, నీళ్ళు లేని వాగు. అయినా వేళ్ళకు మాత్రం తడి. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకునేది, కొంగు పొడిగానే ఉండేది. ఒక్కోసారి ఆ వేళ్ళు చెరుకు గడను పట్టుకునేవి. కుడి చెయ్యి తనంతట తానే వేటు కోసం లేచేది. గాలిలో కాసేపు ఆగి, మళ్ళీ ఒళ్ళో పడేది. అలా మధ్యాహ్నాలు మధ్యాహ్నాలు గడిచిపోయేవి.

జొన్నరొట్టె తట్టాలంటే రెండు అరచేతులూ కావాలి. ఇప్పుడు తడితే ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా వచ్చేది, అంచు వంకరపోయేది. మొదటిరోజు అలాంటి రొట్టె కంచంలో పెట్టి ఆమె మొహం తిప్పుకుంటే, అంగద్ పచ్చిమిరప నూరిన ఠేచా అద్దుకుని తింటూ, "కడుపులకు పోయినంక ఏ రొట్టె గుండ్రంగ ఉంటదే? పెట్టు ఇంకోటి" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

లింబాజీ చూడటానికి వచ్చాడు. ఉత్త చేతులతో రాలేదు, ఫ్యాక్టరీ వాళ్ళు ఇమ్మన్నారని అయిదు కిలోల పంచదార సంచి తెచ్చాడు. మూడు వేళ్ళకు అయిదు కిలోల తీపి. మంచం మీద కూర్చుని తమలపాకు దవడ మార్చి, "తప్పెవ్వలిది అంగదూ?" అన్నాడు. "బల్లది కాదు, ట్రాక్టరుది కాదు. నీ పెండ్లాం నిద్రల నడుస్తదని ముఠాకంతా ఎరుకే. జరిగిందేదో జరిగింది. బయట ఎక్కువ మాట్లాడకుండ్రి, మళ్ళ సీజన్‌కు నేనున్న."

అంగద్ తలూపాడు. సోజర్ కూడా లోపల తలూపింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది? నిద్ర తనది, తప్పూ తనదే.

ఆ వేసవిలోనే మందా వచ్చింది. చెరుకు కూలీల సంఘం తరఫున కేసులు చూసే వకీలు. ఆమె కూడా చెరుకు తోట పక్కన గుడిసెలో పుట్టిందే. నల్లకోటు వేసుకున్నా, ఎంత ఎత్తు గుమ్మంలోకైనా వంగే లోపలికి వచ్చే అలవాటు పోలేదు. సోజర్ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చిన్నమ్మా, పరిహారం అడిగినవా?"

"ఎవలనడగాలె? ఏమని అడగాలె? తప్పు నాదేనాయె." సోజర్ గొంతు తగ్గించింది. "ఎవలకు చెప్పకు బిడ్డా. నేనప్పుడు కలగంటున్న."

మందా నవ్వలేదు. "తాగి ఉన్నవా?"

"ఛీ! అదేం మాట!"

"గొలుసు పట్టుకోవద్దని ఎవలన్న చెప్తె, కావాలని పట్టుకున్నవా?"

"కావాలని ఎవలు పట్టుకుంటరే పిచ్చిదానా?"

"అయితే ఒడిసిపాయె. కల గన్నవో, పాట పాడుకున్నవో, మొగన్ని తిట్టుకుంట నడిచినవో, చట్టానికి పని లేదు. పని జాగల, పని చేసుకుంట దెబ్బ తగిలిందా లేదా? అదొక్కటే అడుగుతది. ఇది దానం కాదు చిన్నమ్మా, వాళ్ళ దయ కాదు. పంచదార సంచి అసలే కాదు. ఆ చెయ్యి ఇంక మీద సంపాదించలేనిది ఎంతనో అంత కట్టియ్యాలె."

"ఎవలు కట్టిస్తరు? లింబాజీ మామనా?"

"లింబాజీ మనుషుల్ని తెచ్చేటోడు. ఎవల కోసం తెచ్చిండు? ఫ్యాక్టరీ కోసం. నడుమ ఎవలున్నా, పని ఎవలదైతే వాళ్ళే జవాబు చెప్పాలె. రెండేండ్ల లోపల అర్జీ పెట్టాలె. డాక్టరు చెయ్యి చూసి పనితనం ఎంత పోయిందో రాసిస్తడు. దానికి నీ వయసు కలుపుతరు, నీ కూలి కలుపుతరు. అప్పుడు లెక్క తేలుతది."

"నా కూలి" అని సోజర్ ఆ మాటను నోట్లో వేసుకుని చూసింది. అలాంటిది ఒకటి తనకుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ రెండు మాటలూ పట్టుకుని ఆమె ఎక్కడికో వెళ్ళిపోయింది. మందా "ఆస్పత్రి కాగితం తే చిన్నమ్మా" అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

మందా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత, "కాకా, ఇటు రా. నీ చేతులు చూపియ్యి" అంది. అంగద్ వచ్చి రెండు చేతులూ చాపాడు. "ఈ కాగితం ప్రకారం నీకు ఏడు వేళ్ళే ఉండాలె."

అంగద్ నోరు వెళ్ళబెట్టాడు. ఆ తర్వాత కిటికీ, గుమాస్తా, తన నోట్లోంచి వచ్చిన మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చి, ఉన్నచోటనే నేల మీద కూర్చుండిపోయాడు.

"ముకద్దం పుస్తకంల ఆమె పేరు లేదు" అంది మందా. "కాటా చిట్టీల మీద లేదు. ఉన్న ఒక్క కాగితంల నీ పేరు. ఈ ఆడమనిషి ఆ తోటల అడుగే పెట్టలేదని వాళ్ళంటే, మనం ఏం చూపియ్యాలె కాకా?"

పరిహారం వస్తే రెండు బర్రెలు కొనుక్కుని ఊళ్ళోనే బతకొచ్చని అంగద్ ఆశ. రాకపోతే దారి లేదు. ఒంటి చేతి పెళ్ళాం ఉన్న మగవాణ్ణి ఏ ముకద్దమూ కొడవలిగా రాసుకోడు. సోజర్‌కు మాత్రం బర్రెల మీద అంత ధ్యాస లేదు. పోయిన చెయ్యి తనదేనని, అది పనిలో పోయిందని, ఎక్కడో ఒకచోట ఎవరైనా రాసి పెడితే బాగుండుననిపించింది. రాస్తే ఏమొస్తుందంటే ఆమె చెప్పలేదు. కానీ అది రాయకపోతే ఆ లేని వేళ్ళు తనను జీవితాంతం పడుకోనివ్వవని మాత్రం తెలుసు.

అర్జీ వేశారు. లింబాజీ మనిషి చేత కబురు చేశాడు, తర్వాత తానే వచ్చాడు. ముందు బతిమాలాడు, పిమ్మట బెదిరించాడు. అంగద్ నీళ్ళు నమిలాడు గానీ అర్జీ వాపసు తీసుకోలేదు. పది నెలలకు విచారణ రోజు వచ్చింది.

కార్మిక శాఖ ఆఫీసులో రెండో అంతస్తు. పొడవాటి గది, ఎత్తున తిరిగే పాత ఫ్యాను. ఆ ఫ్యాను గాలికి బల్లల మీది కాగితాలన్నీ ఒక్కసారే కదులుతుంటే సోజర్‌కు తోట గుర్తొచ్చింది. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. విచారణ చేసే కమిషనర్ జుట్టు నెరిసిన మనిషి, గ్లాసులో వేడినీళ్ళు గుటకేస్తూ వింటాడు. ఫ్యాక్టరీ వకీలుది మెత్తటి గొంతు. ఆ గొంతు వింటుంటే సోజర్‌కు కళ్ళు మూతలు పడ్డాయి. తన గురించే మాట్లాడుతున్నారని తెలుసు, కానీ మాటలు నీళ్ళ పైన ఎక్కడో తేలిపోతున్నాయి.

"దెబ్బ తగిలింది అంగద్ తిడకేకు అని ఆస్పత్రి కాగితం చెబుతోంది" అన్నాడు వకీలు. "అంగద్ ఇదిగో, పది వేళ్ళతో నిలబడ్డాడు. మూడో రోజు నుంచీ పనిలోనే ఉన్నాడు. సీజన్ మొత్తం కాటా చిట్టీలు ఇవిగోండి, తేదీలతో సహా. ఈమె ఎవరో మాకు తెలియదు. ఇంట్లో రోట్లో పడిందేమో చెయ్యి."

చిట్టీల కట్ట బల్ల మీద పెట్టాడు. వేళ్ళు తీసిన డాక్టరును మందా ముందే పిలిపించింది. తాను ఆపరేషన్ చేసింది ఈ ఆడమనిషికేనని, పేరు రాసింది కిటికీ దగ్గరి గుమాస్తా అని ఆయన చెప్పి వెళ్ళాడు. కానీ చెయ్యి ఆమెదైనంత మాత్రాన తోటలో పోయిందని ఎక్కడుంది అన్నాడు వకీలు. సాక్షిగా లింబాజీని పిలిచాడు. ఆ ముఠాలో సోజర్ అనే పేరుతో కూలీ ఎవరూ లేరని లింబాజీ పుస్తకం తెరిచి చూపించాడు. నిజమే, ఎవరూ లేరు.

మందా లేచింది. ఆమె గొంతులో కోపం లేదు. ఏదో వరసైన వాళ్ళింటికి పోయి కుశలం అడిగినట్టు అడిగింది. "లింబాజీ మామా, నీకు ముప్పై ఏండ్ల అనుభవం. ఒక మాట చెప్పు. రెండున్నర టన్నుల చెరుకు ఒక్క మనిషి నరికి, ఆకు దూసి, మోపు కట్టి, ట్రాలీకి ఎక్కియ్యగలడా? ఒక్క రోజుల?"

పని గురించి అడిగితే లింబాజీకి ఒళ్ళు తెలియదు. "ఒక్కడా?" అని పకపకా నవ్వాడు. "భీముడు దిగొచ్చినా కాదు బిడ్డా. ఎవడో తోట మొఖం చూడనోడు చెప్పుంటడు."

వకీలు దగ్గాడు. లింబాజీ వినిపించుకోలేదు.

"మరి అంగద్ చిట్టీలల్ల ఎక్కువ రోజులు రెండున్నర ఉన్నదే?"

"ఉంటది! కొడవలన్నంక పెండ్లాం ఉండదా? పెండ్లాం లేని మొగోన్ని నేనెందుకు తెస్త? మోపులెవలు మోస్తరు..." అని, గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయాడు. దవడలో తమలపాకు కూడా ఆగిపోయింది.

"ఆ పెండ్లాం ఎవలు మామా?"

లింబాజీ వకీలు వంక చూశాడు. తర్వాత సోజర్ వంక, ఆమె ఒళ్ళో ఉన్న చెయ్యి వంక చూశాడు. ఆ ముఠాకు పెద్ద తనే కదా. "సోజర్" అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ. "ఇంకెవలుంటరు?"

ఫ్యాక్టరీ వకీలు తడబడలేదు. అలాంటివాళ్ళు తడబడరు. "సరే, ఆమె అక్కడే ఉందనుకుందాం. ఆస్పత్రిలో పొరపాటనుకుందాం. కానీ కూలి కొడవలికి, మనిషికి కాదు. నరికేది మగవాడు. ఆడవాళ్ళు ఆకు దూస్తారు, మోసిపెడతారు. పైగా ఈ అంగద్ నాలుగుసార్లు తలపాగా చుట్టించుకున్న వాడు. ఆ కూలిలో ఆమెకు పావు వంతు కట్టినా ఎక్కువే."

కమిషనర్ వేడినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. "నేనైతే సగం అంటాను" అన్నాడు.

"వాళ్ళు పెట్టిన చిట్టీలే చూడండి సార్" అంది మందా. "దెబ్బ తగిలిన రోజుకు ముందు రెండు వారాలూ రోజుకు రెండున్నర టన్నులు. అంగద్ ఒక్కడే తిరిగి వచ్చిన రోజు నుంచీ ఒక టన్ను కూడా దాటలేదు."

గదిలో అందరూ చిట్టీల వంక చూశారు. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. కానీ ఆమె లేకుండా పోయిన రోజు మాత్రం తూకంలో స్పష్టంగా కనబడింది. వకీలు ఒక్క క్షణం ఆలోచించి, ఎంతో సానుభూతిగా, "పెళ్ళాం ఆస్పత్రిలో ఉంటే ఏ మగవాడు మనసు పెట్టి పనిచేస్తాడండీ? దుఃఖంలో తగ్గి ఉంటుంది" అన్నాడు. ఆ మాట అందరికీ న్యాయంగానే అనిపించింది. మందా తన కాగితాలు తిరగెయ్యసాగింది.

అప్పుడు అంగద్ లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. "కూసో అంగదూ" అని లింబాజీ గొణిగాడు. అంగద్ కూర్చోలేదు. తోటలో మొదటి వేటు వేసేముందు అరచేతులు రుద్దుకున్నట్టు రుద్దుకున్నాడు.

"సారూ, దుఃఖం నిజమే. కానీ అదొక్కటే కాదు. పుష్య మాసంల నాకు తొమ్మిది రోజులు జరం వచ్చింది. ఆమెకు దెబ్బ తగలకముందు. ఆ చిట్టీలు కూడ తియ్యుండ్రి."

కమిషనర్ కళ్ళద్దాలు సర్దుకుని కట్ట విప్పాడు. ఒక్కొక్కటే పైకి చదివాడు. "ఒకటిన్నర. ఒకటిన్నర. ఒకటీ ముప్పావు. ఒకటిన్నర..." తొమ్మిది చిట్టీలూ అయ్యాక తలెత్తాడు. "అన్నీ నీ పేరు మీదే ఉన్నాయి కదయ్యా?"

"పేరు నాదే సార్. నేను గుడిసెల కంబళి కప్పుకుని పడుకున్న. కొడవలి ముట్టలేదు. ఆమె ఒక్కతే నరికింది, ఒక్కతే కట్టింది, ఒక్కతే మోసింది. చిట్టీ తెచ్చి నా తలాపున పెట్టేది. నేను చదివి పెట్టెల దాచిన."

"మరి ఇంతవరకూ ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గయింది సార్" అన్నాడు అంగద్. "మా లింబాజీ మామ నన్ను చూపిచ్చి అందరి ముంగట గొప్పలు చెప్పుకునేటోడు. అది విననీకె బాగుండె." కళ్ళు తుడుచుకోవడానికి పది వేళ్ళూ పైకెత్తి, ఏమనుకున్నాడో మళ్ళీ దించేశాడు. "నేను లేకుంటె ఒకటిన్నర. ఆమె లేకుంటె ఒకటి కూడ లేదు. గింతే సార్ నేను."

కమిషనర్ సోజర్ వైపు తిరిగాడు. ఆమె అంగద్‌నే చూస్తోంది. ఆ చూపు ఎక్కడికీ పోలేదు.

"బాయీ, నీ వంతు సగానికన్నా ఎక్కువని నీకు తెలుసా?"

"మోసింది నేనే గద సార్. బరువు తెల్వదా?"

"తెలిసి ఇన్నేళ్ళూ ఒక్కరికైనా చెప్పలేదేం?"

సోజర్ నిజంగానే ఆలోచించింది. జవాబు కోసం ఇరవై ఒక్క సీజన్లు వెనక్కి పోయి వెతికి వచ్చింది. "ఎవలన్న అడిగితె గద సార్" అంది. "అడిగినోళ్ళు మీరే మొదలు."

కమిషనర్ చిట్టీలను మళ్ళీ కట్ట కట్టాడు. తర్వాత పక్కనున్న గుమాస్తాతో అన్నాడు. "రాసుకో. దెబ్బ పనిలో తగిలింది. రెండున్నరలో ఒకటిన్నర ఈమెదే, అంటే కొడవలి కూలిలో అయిదింట మూడు వంతులు ఈమెవి. డాక్టరు రాసిన నష్టం దాని మీదే లెక్క కట్టాలి. కూలీ పేరు, సోజర్ అంగద్ తిడకే."

గుమాస్తా రాయడం మొదలుపెట్టాడు. నిలబడే ఉన్న అంగద్ చెయ్యెత్తాడు.

"సార్, నడుమల నా పేరు వద్దు" అన్నాడు. "నాది ఇప్పటికే శానా కాగితాల మీద ఉన్నది."